చెరువుగట్టుపై ప్రపంచ పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రామములో గ్రంథాలయము 25 ఏండ్లు నిలుచుట సామాన్య విషయము కాదు. దీపమునకు ఖర్చు కావలెను, పుస్తకమునకు అట్ట కావలెను, వార్తాపత్రికకు చందా కావలెను. వీటన్నిటికంటె ముఖ్యముగా ప్రతి సాయంకాలమును తలుపు తీయుటకు విసుగెరుగని మనిషి యొకడు కావలెను. తెలుగుదేశమున ఇట్టి మనుష్యులకు కొరత లేకుండెను. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటి వారు ఊరూర తిరిగి గ్రంథాలయములను నెలకొల్పిరి. 1935లో కృష్ణాకాలువపై పడవలో పుస్తకములు పెట్టుకొని పల్లెపల్లెకు తీసికొనిపోయినవారు కూడ కలరు. మనిషి జ్ఞానమును వెదకికొనుచు పోవుటయే కాదు, జ్ఞానము కూడ మనిషిని వెదకికొనుచు రావలెనన్నది ఆ పెద్దల నమ్మకము.

నేటి ప్రసంగ విషయము ఆ నమ్మకమునకు సంబంధించినదే. ప్రపంచ దేశములన్నియు కలసి వ్రాసికొన్న కొన్ని లక్ష్యములు పాఠశాలలో సాంఘిక శాస్త్ర తరగతిలోనికి వచ్చినవి. అవి పిల్లవాని పుస్తకము వరకు వచ్చినవి. వాని ఊరి వరకు వచ్చినవా యన్నది ప్రశ్న.

మొదట ఆ లక్ష్యములెట్టివో చెప్పికొనుట మంచిది. 2015 సెప్టెంబరు 25వ తేదీన న్యూయార్కు నగరమున ఐక్యరాజ్యసమితి సభలో 193 దేశములు ఒక తీర్మానమును ఆమోదించినవి. దానియందు 17 లక్ష్యములును, వాని క్రింద 169 ఉపలక్ష్యములును కలవు. 2030వ సంవత్సరమునాటికి పేదరికము, ఆకలి తొలగవలెను. అందరికి ఆరోగ్యము, చదువు, మంచినీరు అందవలెను. స్త్రీపురుషులకు సమానత్వము కలుగవలెను. భూమి, సముద్రము, అడవి, వాతావరణము చెడకుండ కాపాడబడవలెను. వీనినే సుస్థిరాభివృద్ధి లక్ష్యములందురు.

ఈ తీర్మానము ఒక్కనాట పుట్టినది కాదు. 1972లో స్టాక్‌హోములో పర్యావరణమును గురించి ప్రపంచ మహాసభ జరిగెను. భారత ప్రధాని ఇందిరాగాంధీ అందు ప్రసంగించిరి. ఆ సభ ఆరంభమైన జూన్ 5వ తేదీయే నేడు పర్యావరణ దినముగా జరుపబడుచున్నది. 1987లో నార్వే దేశపు బ్రుంట్‌లాండ్ గారి అధ్యక్షతన ఏర్పడిన సంఘము తన నివేదికలో సుస్థిరాభివృద్ధికి అర్థము చెప్పినది: నేటివారు తమ అవసరములు తీర్చికొనవచ్చును గాని, రేపటివారు తమ అవసరములు తీర్చికొను శక్తిని పోగొట్టరాదు. 1992లో రియో నగరమున మరియొక మహాసభ జరిగినది. 2000వ సంవత్సరమున ఎనిమిది లక్ష్యములు ఏర్పరచుకొని పదునైదేండ్లు నడచిన పిమ్మట ఈ పదునేడు వచ్చినవి.

బ్రుంట్‌లాండ్ సంఘము చెప్పిన అర్థము తెలుగు రైతునకు కొత్తది కాదు. ఎంత కరవు వచ్చినను విత్తనపు గింజలు వండుకొనరాదని ఇల్లాలికి తెలియును. గాదెలో ఒక మూల కట్టిన ఆ మూట నేటి ఆకలికి చెందినది కాదు, వచ్చే ఏటి వానకు చెందినది. ఆ మూటను చూపి చెప్పినచో తొమ్మిదేండ్ల పిల్లకైనను సుస్థిరాభివృద్ధి యనగా నేమో తెలియును. ఆ మూటను విడిచి నిర్వచనమును మాత్రమే వల్లె వేయించినచో పదవ తరగతి విద్యార్థికి కూడ తెలియదు.

కష్టమంతయు ఇచ్చటనే యున్నది. ఒక పిల్లవాడు పరీక్షలో ఆరవ లక్ష్యము శుభ్రమైన నీరు, పారిశుధ్యమని వ్రాయును. అతనికి నిండు మార్కులు వచ్చును. ఆ పిల్లవాడే ప్రతిదినమును పూడిపోయిన చెరువు ప్రక్కనుండి నడచి బడికి వచ్చును. బడిలో చదివిన నీరును, దారిలో కనబడని నీరును ఒక్కటేనని వానికి ఎవరును చెప్పలేదు. ఇది పిల్లవాని దోషము కాదు.

ఆదేశములకు కొరత లేదు. 1976లో జరిగిన 42వ సవరణ వలన పర్యావరణ రక్షణము రాజ్యాంగములో ప్రభుత్వమునకు ఆదేశముగను, పౌరునకు ప్రాథమిక విధిగను చేరినది. 1991లో సుప్రీముకోర్టు పర్యావరణ విషయమును విద్యలో తప్పక చేర్చవలెనని ఆదేశించెను. 2015 నాటి తీర్మానములో నాలుగవ లక్ష్యమునందలి ఏడవ ఉపలక్ష్యము, విద్యార్థులందరికి సుస్థిర జీవనమునకు కావలసిన జ్ఞానమును నేర్పును కలుగవలెనని చెప్పుచున్నది. కొరత ఉన్నది పద్ధతిలో. దానికి దారి ఊరి చెరువుగట్టు మీదుగా పోవును.

చరిత్ర పాఠముతో ఆరంభింపవచ్చును. కడప సీమలో పోరుమామిళ్ళ చెరువు కలదు. విజయనగర రాజగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించెను. 1369 నాటి శాసనము అచ్చట కలదు. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు పనిచేసినట్లు అది చెప్పుచున్నది. అంతకంటె విలువైన మాట మరియొకటి అందు కలదు. మంచి చెరువునకు పండ్రెండు అంగములు, ఆరు దోషములు లెక్కింపబడినవి. ధర్మమెరిగిన పాలకుడు, నీటిశాస్త్రము తెలిసిన పండితుడు, గట్టినేల, తియ్యని నీటి నది, దృఢమైన కట్ట, చదునైన సారవంతమగు పొలములు, పనితెలిసిన జనము మొదలగునవి అంగములు. కట్టనుండి నీరు ఊరుట, చౌటినేల, మధ్య మెరక, నీరు తక్కువయై నేల ఎక్కువగుట, నేల తక్కువయై నీరు ఎక్కువగుట మొదలగునవి దోషములు. వానిలో ఒక దోషము, చెరువు రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట.

ఉపాధ్యాయులు ఈ పట్టికను తరగతిలో ఉంచి ఒక్క ప్రశ్న వేసిన చాలును: "సరిహద్దున ఉండుట దోషమెట్లగును?" నీరు ఇంజనీరు పని మాత్రమే కాదని, న్యాయము, ఒడంబడిక, ఇరుగుపొరుగు సఖ్యత కూడ దానిలో ఉన్నవని పిల్లలు తమంతట తామే చెప్పుదురు. 2015 నాటి తీర్మానములో పదునారవ లక్ష్యము శాంతి, న్యాయము. పదునేడవది పరస్పర సహకారము. 650 ఏండ్లకు పూర్వమే ఒక తెలుగు సీమ శాసనము ఆ సంబంధమును గుర్తించినది.

పిమ్మట భూగోళ పాఠము, దానితో పాటు లెక్క. నిటారు గోడలు గల డబ్బా నొకదానిని బడి ఆవరణలో చెట్లనీడ పడని చోట ఉంచి, ప్రతి ఉదయము వాన ఎన్ని మిల్లీమీటర్లు పడినదో కొలువవచ్చును. డబ్బా వెడల్పు ఎంతయైనను నీటిలోతు ఒక్కటే యగును. ఎందుకో పిల్లలే ఆలోచింతురు. ఒక మిల్లీమీటరు వాన ఒక ఎకరముపై పడిన 4,047 లీటర్ల నీరగును. ఈ మాట విన్నప్పుడు పెద్దలు సైతము ఆశ్చర్యపడుదురు.

ఒక ఊరికి వేయి ఎకరముల పొలమున్నదనుకొందురు గాక. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడినదనుకొందురు గాక. పడిన నీరు 24,28,200 ఘనపు మీటర్లు. కాని దానిలో అధికభాగము ఎండకు ఆవిరియగును, చెట్లు త్రాగును, వాగున పోవును. గట్టి రాతినేలలలో సుమారు పదవ వంతు భూమిలో ఇంకునని లెక్కకు తీసికొన్నచో, బావులకు చేరునది 2,42,820 ఘనపు మీటర్లు. వరి పైరుకు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెనన్నచో ఆ నీటితో 50 ఎకరములు పండును. వేరుసెనగకు 500 మిల్లీమీటర్లు చాలునన్నచో 120 ఎకరములు పండును. వరిమడిలో నిలిచిన నీరు కొంత తిరిగి భూమిలోనికి దిగుననుట నిజమే. నేలను బట్టి, ఎండను బట్టి ఈ అంకెలు మారుననుటయు నిజమే. కాని తెలివిగల పిల్లవాడు పలకమీది ఈ రెండు అంకెలను చూచి, తరువాతి ప్రశ్న తానే వేయును: "మన ఊరిలో బావుల క్రింద వరి ఎన్ని ఎకరములు?"

ఇది బడిలో మాత్రమే సాగు ఊహ కాదు. 2003 తరువాత ఆనాటి ఆంధ్రప్రదేశములో కరవుకు లోనగు ఏడు జిల్లాలలో - అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగరు, నల్లగొండ, ప్రకాశము - రైతులే భూగర్భజలమును లెక్కించు పథకమొకటి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారముతో నడచినది. ఆరు వందలకు పైగా పల్లెలలో రైతులు, వారిలో స్త్రీలు అనేకులు, వాన కొలిచిరి, బావులలో నీటిమట్టము కొలిచిరి, ఆ అంకెలను ఊరిగోడలపై అందరికి కనబడునట్లు వ్రాసిరి. రబీ పంటకు ముందు ఊరంతయు కూర్చుండి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన నీరెంతయని జమాఖర్చు చూచికొనిరి. ఏ పంట వేయవలెనో ఎవరును ఎవరిని శాసింపలేదు. జరిమానా లేదు, బలవంతము లేదు. అయినను లోటు కంటికి కనబడిన పిమ్మట అనేకులు వరి తగ్గించి, తక్కువ నీటి పంటల వైపు మరలిరి. చదువురాని రైతు కూడ ఈ లెక్క నేర్చెనన్నచో, బడికి పోవు పిల్లలకు ఇది మించిన పాఠము కాదు.

ఇంతవరకు చెప్పినది సులభమైన భాగము. కష్టమైన భాగము ఇక ముందున్నది.

పాఠము నిజముగా చెప్పినచో పిల్లలు ప్రశ్నలు వేయుదురు. ఒక తరగతి ఊరి పటమును పట్టుకొని చెరువునకు పోయినదనుకొందురు గాక. పటములో చెరువు విస్తీర్ణము ఒక విధముగా ఉన్నది. నేలపై మరియొక విధముగా ఉన్నది. "తక్కిన నేల ఏమైనది?" అని ఒక బాలిక అడుగును. ఆ నేలలో ఎవరి పైరున్నదో తరగతిలో అందరికి తెలియును. వెనుక వరుసలో కూర్చున్న బాలుడు వారి కుమారుడే కావచ్చును. మరియొక బాలుని తండ్రి అప్పుచేసి మూడవ బోరు వేసి, దానిలో కూడ నీరు పడక దిగులుతో ఉండవచ్చును. ఈ నిమిషములో ఉపాధ్యాయుడేమి చేయవలెను?

మాట మార్చుట ఒక దారి. అట్లు చేసినచో ఆనాటితో ఆ తరగతికి పాఠము ముగియును. పుస్తకములోని మాట వేరు, లోకములోని మాట వేరని పిల్లలు శాశ్వతముగా నేర్చికొందురు. పేరుపెట్టి నిందించుట మరియొక దారి. అట్లు చేసినచో వెనుక వరుసలోని బాలుడు మరల నోరు తెరవడు. మరునాడు బడివద్ద తగవు జరుగును. ఈ రెండు దారులును విడిచి మూడవదానిలో నడచుటయే సాంఘిక శాస్త్రోపాధ్యాయుని విద్య. ఎవరు చేసిరన్న ప్రశ్నకు బదులు, ఎట్లు జరిగినది, ఎందుకు జరిగినది, ఎవరికేమి కలిగినది యను ప్రశ్నలు వేయించవలెను. ఆయకట్టు రైతును అడుగవలెను, బోరు రైతును అడుగవలెను, భూమిలేని కూలిని అడుగవలెను, చేపలు పట్టువారిని అడుగవలెను, గొర్రెలు కాయువారిని అడుగవలెను, బిందెతో నీరు మోయు ఇల్లాలిని తప్పక అడుగవలెను.

అట్లు అడిగినపుడు, లక్ష్యములు ఒకదానినొకటి లాగుకొనునని పిల్లలు తెలిసికొందురు. ఆకలి తీరుటకు పంట కావలెను. పంటకు బోరు కావలెను. బోరు లోతైనకొలది పొరుగువాని బావి ఎండును. బోరు వేసిన రైతు దుర్మార్గుడు కాదు. బిడ్డలను సాకవలెనన్న తండ్రి. వంద మంది మంచివారు వేర్వేరుగా చేసిన మంచిపని కలసి ఊరికి కీడగుట ఎట్లు? నిజమైన సాంఘిక శాస్త్రము ఈ ప్రశ్నతో ఆరంభమగును. దీనికి సమాధానము ఏ గైడులోను దొరకదు.

తెలిసినంత మాత్రమున పని జరుగునను భ్రమ కూడ తగదు. దక్షిణ దేశమున త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగిపోవు వ్యాధి తెలుగు సీమలో ఉన్నట్లు 1937లోనే వైద్యపత్రికలో ప్రకటింపబడినది. నీటినుండి ఫ్లోరైడు తొలగించు పద్ధతి యొకదానికి నల్లగొండ పేరే పెట్టబడినది. అయినను ఆ తరువాత అనేక సంవత్సరములు నల్లగొండ పల్లెలలో పిల్లలు ఆ నీరే త్రాగి వంకరకాళ్ళతో పెరిగిరి. తెలియుట వేరు, అందుట వేరు. ఆ మధ్యనున్న దూరమును కొలుచుట కూడ తరగతిలో నేర్పవలసిన పాఠమే.

ఆ దూరమును దాటిన పాఠము కూడ ఒకటి తెలుగువారికి తెలియును. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము నడచుచుండగా, వయోజనుల వాచకములో స్త్రీలు ఏకమై సారాను ఎదిరించిన కథ వచ్చినది. దూబగుంట గ్రామములో ఆ పాఠము చదివిన స్త్రీలు పుస్తకమును మూసి, తమ ఊరి సారా దుకాణము వైపు నడచిరి. 1992లో ఆ కదలిక జిల్లా యంతయు వ్యాపించినది. పిదప రాష్ట్రమంతయు వ్యాపించినది. 1993 అక్టోబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశములో సారా అమ్మకము నిషేధింపబడెను. అక్షరములు దిద్దుకొనుచున్న చేతులు ఇంత పని చేసినవి. ఆ పాఠము వారి బ్రతుకును గురించియే చెప్పినది కావున వారి చేతులలో అది ప్రాణము పోసికొన్నది.

మరియొక జాగ్రత్త. ప్రపంచపు భారమంతయు పల్లె పిల్లవాని నెత్తిన పెట్టరాదు. పంపు కట్టివేయుము, కాగితము వ్యర్థము చేయకుము అని చెప్పి ఊరుకొనుట నీతిపాఠమగును గాని సాంఘిక శాస్త్రము కాదు. వాతావరణము వేడెక్కుటకు కారణమైన బొగ్గుపొగలో ధనిక దేశముల పాలెంత, కాలినడకన బడికి పోవు పిల్లల పాలెంత అన్నది కూడ లెక్కింపవలెను. 1992లో రియో సభ, బాధ్యత అందరిదే యైనను అందరిది సమానము కాదని అంగీకరించినది. ఈ న్యాయము ఊరికి కూడ వర్తించును: ఇరువది ఎకరములకు నీరు పెట్టువానికి, బిందెడు నీటికై నిలుచుండు ఆమెకు ఒక్కటే ఉపదేశము చెప్పుట ధర్మము కాదు.

ఇక గ్రంథాలయము చేయదగిన పని. మొదటిది, వాన పుస్తకము. బడి పిల్లలు కొలిచిన వాన అంకెను ప్రతిదినమును ఒక గట్టి అట్ట పుస్తకములో ఎక్కించి ఇచ్చట భద్రపరుపవలెను. వేసవి సెలవులలో ఆ పనిని చందాదారులు వంతుల వారీగా చేయవలెను. రెండవది, చెరువు పుస్తకము. తూము, అలుగు, ఆయకట్టు వివరములు, ఏ ఏట చెరువు నిండినది, ఏ ఏట గండి పడినది, నీరు పంచిన నీరుగంటి ఎట్లు పంచెను, ఊరివారు కలసి పూడిక ఎట్లు తీసిరి అను విషయములను వృద్ధుల నోటనుండి పిల్లలు వ్రాసికొనవలెను. ఆ జ్ఞానము ఏ గ్రంథములోను లేదు. ఆ వృద్ధులతోనే పోవును. మూడవది, ఏడాదికొకసారి పిల్లలు తయారుచేసిన నీటి జమాఖర్చును గ్రామసభలో చదువుటకు పావుగంట సమయము పెద్దలు ఇవ్వవలెను. పిల్లలు తీర్పు చెప్పరాదు. అంకెలు మాత్రము చదువవలెను. పెద్దలు కోపగింపరాదు, వినవలెను. తీర్పు ఊరిది.

ఈ మూడింటికి పెద్ద ఖర్చు లేదు. కావలసినది ధైర్యము. పాఠము చెప్పిన ఉపాధ్యాయుని మీద ఎవరైన కన్నెర్ర చేసినపుడు, ఆయనకు తోడుగా నిలుచుటకు నలుగురు చందాదారులు ముందుకు రావలెను. ఆ నలుగురు లేనిచో, ఉపాధ్యాయుడు మరల పుస్తకములోని నిర్వచనమునకే పోవును; అట్లు పోయినందుకు ఆయనను తప్పుపట్టుటకు ఎవరికిని హక్కు లేదు.

ప్రపంచము తన మాట నిలుపుకొనుచున్నదా యని అడిగినచో సమాధానము ఉత్సాహకరము కాదు. 2024 నాటి ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారము, కొలువదగిన ఉపలక్ష్యములలో 17 శాతము మాత్రమే సరియైన దారిలో ఉండెను. పిల్లలకు ఈ అంకెను దాచరాదు. పెద్దలు చేసిన ప్రమాణమును, పెద్దలు నెరవేర్చిన మేరను ప్రక్క ప్రక్కన చూపుటయే పౌరశాస్త్రము. 2030తో ఈ లక్ష్యముల గడువు తీరును. కాని నేడు తరగతిలో కూర్చున్న బాలిక జీవితము అప్పుడే ఆరంభమగును. ఆమె త్రాగవలసిన నీరు అప్పటికి భూమిలో ఉండవలెను గదా!

మరి 25 ఏండ్లకు ఈ గ్రంథాలయమునకు స్వర్ణోత్సవము జరుగును. ఆనాడు వేదికమీద మాటలాడువారు ఎవరో ఎవరికిని తెలియదు. నేడు డబ్బాలో వాన కొలుచు బాలిక కావచ్చును. వాన పుస్తకము రేపటినుండి ఆరంభమైనచో, ఆమె చేతిలో 25 ఏండ్ల లెక్క ఉండును. ఏ యే సంవత్సరములలో వాన తక్కువైనను ఊరు నీటిని కాపాడుకొన్నదో, ఏ యే సంవత్సరములలో వాన మెండుగా పడినను పోగొట్టుకొన్నదో ఆ పుటలే చెప్పును. ఆ పుటలలో మొదటిదానిని నేడే గీయుట ఈ రజతోత్సవమునకు తగిన కానుక.

చెరువు నిండుగాక, ఊరు చల్లగా నుండుగాక. స్వస్తి.